లాగితే రాని ముడి

సముద్రం అడుగున చూడదగ్గవి చూపించి జనాన్ని క్షేమంగా పైకి తెచ్చే వృత్తిలో ఉన్న ఆవిడకు భర్తగా ఉండడమనే ఉద్యోగం పైకి కనిపించినంత తేలిక కాదు. ఆ ఉద్యోగంలో ఏళ్ల తరబడి కొనసాగుతున్న మనిషిని రేవులో అందరూ కుదురయ్య అంటారు. లేని గుణాన్ని పేరుగా ఇచ్చి గౌరవించడం రేవు జనానికి అలవాటు. తాళం వేసిన తలుపును లాగి చూసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాడాయన. చెవిలో లోపముందని డాక్టరు నీళ్లలో దిగవద్దన్నాడు. అందుచేత ఆవిడ నీళ్ల కింద, ఆయన పడవ మీద. నిబ్బరం ఆవిడకూ, గాభరా ఆయనకూ కేటాయించి సంసారం సాఫీగా నడుపుకుంటున్నారు.

సామాను ఆయన శాఖ. సిలిండర్లు నింపడం, బెల్టులు చూడడం, రెగ్యులేటర్లు కడిగి ఆరబెట్టడం. రెగ్యులేటరంటే వంటింటి గ్యాసుది కాదు. సిలిండరులోని గాలిని నోటికందించేది. దిగిన ప్రతి మనిషికీ ఒకటి నోట్లో ఉంటుంది. ఇంకొకటి, పసుపు రంగుది, ఛాతీ దగ్గర తగిలించి ఉంటుంది. పక్కవాడి గాలి అయిపోతే చటుక్కున లాగి అందించడానికి. కనుక ఈ స్పేరును పరస్పరం పొసగని రెండు షరతులకు లోబడి బిగించాలి: తనంతట తాను ఊడకూడదు, లాగితే ఆగకూడదు.

ఆవిడ స్పేరును పట్టి ఉంచే రబ్బరు రింగు వదులైపోయింది.

"మళ్లీ ఊడి ఇసకలో ఈడ్చుకుంటూ వచ్చింది. దాని నోరంతా ఇసకే. నీకెన్నిసార్లు చెప్పాలి?" అందావిడ ఆ సాయంత్రం తల తుడుచుకుంటూ.

కుదురయ్యకు పౌరుషం వచ్చింది. కొత్త రింగు పొద్దున్నే వేద్దామనుకున్నాడు. ఈలోగా, తాత్కాలికంగా, నైలాను దారంతో కట్టాడు. ఒక ముడి వేశాడు. దాని మీద అనుమానం వచ్చి ఇంకోటి వేశాడు. రెంటి మీదా నమ్మకం చాలక కొసలు కాల్చి అతికించాడు. రాత్రంతా గోడకు వేలాడే వస్తువు ఊడి ఎక్కడికి పోతుందని అడగకూడదు. అలా అడగగలిగితే ఆయన కుదురయ్యే కాడు.

పొద్దున పళ్ల డాక్టరొకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కొత్తవాళ్లే. డాక్టరు పాదాలకు ఈతకు తొడిగే రబ్బరు రెక్కలు ఏవీ పట్టలేదు. ఆ హడావుడిలో రింగు సంగతి మరుగున పడింది. పడవ మీద ఆవిడ తన సామానును పైపైన తడిమి ఊరుకుంది. కుదురయ్య చూశాడంటే పదిసార్లు చూసినట్టేనని అందరికీ ధీమా. అతిగా చూసే మనిషి ఇంట ఉంటే మిగతావాళ్లు చూడడం మానేస్తారు.

ముగ్గురూ మునిగారు. పడవలో కుదురయ్యా, పడవ నడిపే బావమరిదీ మిగిలారు. ఊరికే ఉండలేని వేళ్లు జేబులోకి వెళ్లాయి. అక్కడ కొత్త రబ్బరు రింగు తగిలింది.

కుదురయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"ఏంటి బావా, మళ్లీ మబ్బు కనపడిందా?" అన్నాడు బావమరిది.

ఆ ఎత్తిపొడుపుకు చరిత్ర ఉంది. పడవ ఇనుప నిచ్చెనను స్పానరుతో కొడితే ఆ చప్పుడు నీళ్ల కిందకి వినిపిస్తుంది. అందరూ పైకి రావాలని అర్థం. కిందటిసారి కుదురయ్య ఒక మబ్బును చూసి కొట్టాడు. జనం పైకొచ్చారు, మబ్బు పక్కకు పోయింది. "ఇంకోసారి ఊరికే కొట్టారంటే మీరిక ఒడ్డున సామాను కొట్లోనే కూర్చుంటారు" అంది భార్య. ఆవిడ 'మీరు' అన్నదంటే అప్పీలు లేని తీర్పన్నమాట. ఆవిడ నీళ్లలో ఉంటే కొట్లో కూర్చోవడమన్న ఆలోచనకే ఆయనకు ఊపిరాడదు.

"స్పేరును ముడేసి కట్టేశానురా. లాగితే రాదు."

బావమరిది ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "అక్క దగ్గర కత్తుంది కదా?"

"గాలందనివాడు కత్తి తీసేదాకా ఆగుతాడా?"

"నోట్లోది ఇచ్చేస్తుందిలే."

"ఇచ్చి తనేం పీలుస్తుంది? ఇదేనా నీ సలహా?"

"ఎవరికీ గాలి అయిపోకపోతే ఏమీ కాదు బావా. కొట్టావంటే మాత్రం నీ సీటు పోయినట్టే."

ఏమీ కాకపోవచ్చు. కుదురయ్య జీవితమంతా భయపడినవాటిలో తొంభై పాళ్లు ఏమీ కాలేదు. ఆ నీలిరంగు నీళ్లలోంచి వచ్చే బుడగలను చూస్తూ పడవ ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాడు. తర్వాత స్పానరు తీసుకుని, నిచ్చెన ఏం పాపం చేసిందో అన్నట్టు బాదాడు.

మూడు తలలు పైకొచ్చాయి. "తాబేలు దగ్గరికి వెళ్తున్నామండీ! ఇప్పుడే కనపడింది!" అని పళ్ల డాక్టరు లబోదిబోమన్నాడు.

ఆవిడ నిచ్చెన పట్టుకుంది. "చెప్పండి. ఏ మబ్బు?"

"నీ స్పేరు ఒకసారి లాగు."

ఆవిడ విసురుగా లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. గొట్టం సాగింది కానీ ముడి కదల్లేదు. డాక్టరు కూతురు తండ్రి భుజం పట్టుకుంది. తాబేలు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ కత్తి తీసి దారం కోసింది. అంతకీ లొంగక కొంతసేపు పట్టింది.

"మీరు కట్టారా?"

"నేనే."

"నేనూ చూసుకోలేదు" అందావిడ, ఎవరితోనూ కాదన్నట్టు. ఆ తర్వాత చెయ్యి చాచింది. "రింగియ్యి."

ఆయన పడవ అంచున వంగి రింగు తొడిగాడు. రెండుసార్లు జారింది. ఆవిడ లాగింది, వచ్చింది. తగిలించి కుదిపింది, ఊడలేదు. మళ్లీ లాగింది. "ఇంకమీదట నువ్వెన్నిసార్లు చూసినా, ఆఖరున లాగేది నేను" అని, డాక్టరుగారి స్పేరూ, అమ్మాయి స్పేరూ కూడా లాగి చూసి, వాళ్లను వెంటబెట్టుకుని మునిగింది.

'నువ్వు' అంది కదా! సీటు నిలిచింది. ఇక ఆయన స్థిమితపడ్డాడనుకుంటే అది మన తొందరపాటు. బుడగలు తేలడం మొదలవగానే ముందుకెళ్లి లంగరు తాడు మీద చెయ్యి వేశాడు.

"బావా, ఆ ముడి నేనేశాను. వదిలెయ్."

"అందుకేరా నా భయం" అన్నాడు కుదురయ్య.