తెల్ల చీరల ముందు డీజిల్ ట్రక్కు

నన్ను ఓవర్‌టేక్ చేసింది ఒక మినీవ్యాన్. అది కూడా హైవే ఎక్కే ర్యాంప్ మీద, నేను యాక్సిలరేటర్‌ని నేలకి తొక్కిపెట్టి ఉన్నప్పుడు. పక్కనుంచి వెళ్తూ డ్రైవరు చెయ్యి ఊపాడు. ఎవరా అని చూస్తే మా తెలుగు చర్చ్‌లో కుర్చీలు సర్దే అంకుల్. వెనక సీట్లో వాళ్ళ పాప నన్ను చూసి నాలుక బయటపెట్టింది.

నేను రిప్లై ఇద్దామని హారన్ కొట్టాను. అది కూడా సగమే మోగింది.

నా బండి పాత డీజిల్ పికప్ ట్రక్కు. నేను పలక పట్టుకోకముందే తయారైన మోడల్. వైజాగ్‌లో స్కూటీ తప్ప ఇంకేదీ తోలనివాణ్ణి, అమెరికా వచ్చాక క్యారీ ఊరి బయట ఒక తాత ఇంటి ముందు "ఫర్ సేల్" బోర్డుతో దాన్ని చూసి పడిపోయాను. మా ఆఫీస్ పార్కింగ్‌లో అన్నీ ఒకే రకం తెల్ల కార్లు, చప్పుడు లేనివి. నా బండి స్టార్ట్ చేస్తే మూడో ఫ్లోర్‌లో మీటింగ్ ఆగేది. నాకు అదే నచ్చింది.

మా బావ మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగాడు. "మన మోరిస్‌విల్ ఊరు మొత్తంలో ఒక్క తెలుగోడు కూడా ఇలాంటిది కొనలేదురా. ఎందుకు కొనలేదో ఒక్కసారైనా ఆలోచించావా?"

"వాళ్ళకి టేస్ట్ లేదు బావా."

మా చర్చ్‌లో ఎవరు కొత్త బండి కొన్నా ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లోకి తెస్తారు. పాస్టర్ గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. నా బండి బానెట్ మీద ఆయన చెయ్యి పెట్టగానే పెయింట్ పెచ్చు ఒకటి ఊడొచ్చింది. కళ్ళు మూసుకుని "ప్రభువా, ఈ బండిని కూడా దీవించు, దీనివల్ల ఎవరికీ ఏ హానీ కలగకుండా చూడు" అన్నారు. అందరి కార్లకీ "క్షేమంగా ప్రయాణించేలా" అంటారు. నా ఒక్కదానికే ఇలా. పైగా ఆ "కూడా" ఏంటి? ఇంటికొచ్చి అక్క దగ్గర గంటసేపు గోల చేశాను.

మినీవ్యాన్ నన్ను దాటిన రోజే, ఇంకా దాని వెనకే వెళ్తూ, సిగ్నల్ దగ్గర ఆగిన కాసేపట్లో ఫోన్ తీసి చిప్ ఆర్డర్ చేశాను.

చిప్ అంటే పేరుకే చిప్. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, దానికి నాలుగు వైర్లు. ఇంజిన్‌కి ఎంత డీజిల్ కావాలో బండిలో కంప్యూటర్ ఒకటి చూసుకుంటుంది కదా, ఈ డబ్బా మధ్యలో దూరి "అది చాలదు, ఇంకా పొయ్యి" అని చెప్తుంది. అంతే దాని పని. పవర్ ఎంత కావాలో ఫోన్‌లో యాప్‌లో సెట్ చేసుకోవాలి, సున్నా నుంచి ఐదు దాకా. సున్నా అంటే చిప్ లేనట్టే. ఐదు పక్కన నిప్పు బొమ్మ ఉంటుంది. కింద బాగా చిన్న అక్షరాల్లో "రేస్ ట్రాక్ మీద మాత్రమే, ట్రైలర్ లాగేటప్పుడు వాడొద్దు" అని ఉందట. ఉందట అని ఎందుకంటున్నానంటే నేను చదవలేదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే చిన్న అక్షరాలు చదవని డెవలపర్ల మీద అరవడానికి నాకు జీతం ఇస్తారు.

శనివారం పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వీడియో చూస్తూ బిగించాను. వీడియోలో ఆయన పాట పాడుకుంటూ పది నిమిషాల్లో చేసేశాడు. నేను లంచ్ కూడా అక్కడే చేశాను. తర్వాత ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళి ఐదు పెట్టి తొక్కితే, వీపు సీటుకి అతుక్కుంది, వెనక అద్దంలో రోడ్డు మాయమైంది. అంతా నల్లటి పొగ. నాకు ఆనందంతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. కొంచెం పొగ వల్ల కూడా అయ్యుండొచ్చు, కిటికీ తీసి ఉంది.

ఆ వీడియో అక్కకి చూపిస్తే ఫోన్ తిరిగిచ్చేస్తూ అంది, "ఒరేయ్, అది బండా, ఇటుకల బట్టీనా?"

ఇప్పుడు అక్క వాళ్ళ అత్తయ్యగారి సంగతి చెప్పాలి. అంటే మా బావ వాళ్ళ అమ్మ. కాకినాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. ఆవిడకి చిన్నప్పుడు నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చారట. "అది నాకు గుర్తే లేదు బాబూ. ఈసారి గుర్తుండేలా మునగాలి" అనేవారు. మా పాస్టర్ గారు చెరువులో ముంచి ఇస్తారు కాబట్టి ఇక్కడే తీసుకోవాలని పట్టుబట్టారు. ఒకసారి డేట్ అనుకుంటే ఆవిడ మోకాలు వాచింది. ఇంకోసారి అనుకుంటే ఉరుములూ మెరుపులూ. ఆ వచ్చే వారమే ఆవిడ ఫ్లైట్. ఈ ఆదివారం తప్పితే ఇంక లేదు. దీనికోసమే కాకినాడ నుంచి ఒక తెల్ల నూలు చీర, పెట్టె అడుగున, ఇంకో చీరలో చుట్టి తెచ్చుకున్నారు. అక్క దాన్ని ముట్టుకోవాలన్నా చేతులు కడుక్కోవాలి.

నా పని చిన్నదే. చర్చ్ వాళ్ళ ట్రైలర్‌లో కుర్చీలూ, బట్టలు మార్చుకునే టెంటూ వేసుకుని లేక్ దగ్గరికి తేవాలి. అక్కడ పడవలు నీళ్ళలోకి దింపే సిమెంట్ ర్యాంప్ ఉంది, బాగా వాలుగా ఉంటుంది. ఆవిడ మోకాళ్ళకి అది దిగడం కష్టం, అందుకని ఆవిణ్ణి కూడా బండిలోనే నీళ్ళ దాకా దింపాలి.

"బాబూ, అమ్మని నా వ్యాన్‌లో దింపనా? దానికి తలుపు దానంతటదే పక్కకి జరుగుతుంది, హాయిగా దిగుతారు" అన్నారు మినీవ్యాన్ అంకుల్.

"అవసరం లేదంకుల్, మా బండి ఉంది" అన్నాను. ఆ బండి ఎక్కడానికి ఆవిడకి వంటింటి స్టూలు వెయ్యాలి, ముందు నుంచి అక్క లాగాలి, వెనక నుంచి బావ ఎత్తాలి. అయినా సరే.

బయల్దేరే ముందు అక్క నా కిటికీ దగ్గరికొచ్చింది. "ఫోన్ తియ్. యాప్ తెరువు. సున్నా పెట్టు. నేను చూస్తుండగా పెట్టు."

పెట్టాను.

"ఇవాళ ఎవడు ఏమన్నా నువ్వు నోరు తెరవకు. ఆవిడ ఈ ఒక్క రోజు కోసం వచ్చారు. అర్థమైందా?"

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అని అరిచాను. అక్క వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. జవాబు నేనే చెప్పేశాను కదా.

లేక్ దగ్గర అన్నీ బాగానే జరిగాయి. ట్రైలర్‌ని వెనక్కి దింపడంలో మూడు నాలుగు సార్లు అది అటు పోతే నేను ఇటు పోయాను, అంతే. అత్తయ్యగారు స్టూలు మీద కాలు పెట్టి దిగి, నీళ్ళ పక్కన కుర్చీలో కూర్చున్నారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళంతా తెల్ల బట్టల్లో ఆవిడ పక్కన వరసగా నిలబడ్డారు. పాస్టర్ గారు తెల్ల చొక్కా. అందరూ కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నారు. నేను చెయ్యాల్సింది ఖాళీ ట్రైలర్‌ని పైకి తీసుకెళ్ళి పార్క్ చెయ్యడం.

స్టార్ట్ చేశాను. పైన ర్యాంప్ చివర మినీవ్యాన్ అంకుల్ నిలబడి ఉన్నారు, పక్కన పాప. ఆయన రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచారు.

"బాబూ, కింద నాచు ఉంది! టైర్లు జారతాయి! ఎక్కకపోతే చెప్పు, నా వ్యాన్‌తో లాగుతా!"

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మంచి మాటే. కానీ నాకు ఆ క్షణంలో "నా వ్యాన్‌తో లాగుతా" ఒక్కటే వినపడింది. మినీవ్యాన్. నా ట్రక్కుని. లాగుతుందట.

ఫోన్ తీశాను. సున్నా నుంచి ఐదుకి జరిపాను. మధ్యలో ఒకటీ రెండూ మూడూ నాలుగూ ఉన్నాయి. కోపమొచ్చినప్పుడు నాకు మధ్య నంబర్లు కనపడవు. తొక్కాను.

బండి కదల్లేదు. టైర్లు నాచు మీద గిర్రున తిరిగాయి. ఇలాంటి ఇంజిన్‌లో డీజిల్ సరిగ్గా మండాలంటే టర్బో అనే చిన్న ఫ్యాన్ తిరిగి గాలి తేవాలి. అది తిరగడానికి కాస్త టైం పడుతుంది, దాన్నే టర్బో లాగ్ అంటారు. ఈ చిప్పేమో గాలి రాకముందే డీజిల్ పోసేస్తుంది. ఆలోచన రాకముందే నేను మాట అనేసినట్టు. మండని డీజిలంతా నల్లగా వెనక నుంచి బయటికొచ్చింది. పాట సగం లైన్‌లో ఆగిపోయింది. ఆ తర్వాత దగ్గులు.

డాష్‌బోర్డ్ మీద పసుపు లైట్ వెలిగింది, ఇంజిన్ నీరసపడిపోయింది. బ్రేక్ వేసి దిగి చూశాను. పొగ మెల్లగా నీళ్ళ మీదికి పోతోంది. దాని వెనక నుంచి ఒక్కొక్కరే బయటపడుతున్నారు. తెల్ల బట్టల మీద మసి చుక్కలు, మిరియాలు చల్లినట్టు. పాస్టర్ గారు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. ప్రార్థనో, మంటో తెలియదు.

పైనుంచి పాప గొంతు వినపడింది. "అంకుల్! డూ ఇట్ అగైన్!"

నన్నే. నాకు ఇరవయ్యారు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట సారీ అయ్యుంటే బాగుండేది. "టర్బో లాగ్ వల్ల" అన్నాను.

అక్క నా మీద అరవలేదు. అందుకే భయమేసింది. ఆమె చూపంతా అత్తయ్యగారి మీదే ఉంది. ఆవిడ దగ్గడం అయ్యాక పమిట చెంగు పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంటున్నారు. పెట్టె అడుగున చుట్టి తెచ్చిన చీర. ఒక చుక్కని వేలితో రుద్దారు. అది గీత అయింది.

"అమ్మా, ఇంటికెళ్ళి మార్చుకుని వద్దామా?" అన్నాడు బావ.

"ఇంకో తెల్ల చీర ఎక్కడుందిరా? మళ్ళీ ఆ స్టూలెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి... నా వల్ల కాదు."

ఆవిడ వద్దనేసి లేచిపోతే అయిపోయినట్టే. వచ్చే వారం ఫ్లైట్ ఎక్కి కాకినాడలో దిగి, అందరూ అడిగితే ఏం చెప్తారు? కోడలి తమ్ముడు పొగ పెట్టాడనా? నేను షూ చివర చూసుకుంటూ నిలబడ్డాను. చేతిలో ఫోన్ ఉంది, దాని మీద ఇంకా నిప్పు బొమ్మ వెలుగుతోంది.

"పాస్టర్ గారూ," అన్నారు అత్తయ్యగారు, "మనం వచ్చింది కడుక్కోవడానికే కదా?"

"అవునమ్మా" అన్నారు ఆయన, ఒక కన్ను తెరిచి.

"సరే అయితే. ఇప్పుడు కడగడానికి ఏదో ఒకటి కనపడుతోంది కూడా. కానీ ముందు ఈ బండిని ఇక్కణ్ణుంచి తీసేయించండి. నేను మునిగి లేచాక వీడు మళ్ళీ పొగపెడితే మళ్ళీ మునగలేను."

పాస్టర్ గారు నవ్వారు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. నేను నవ్వబోతే అక్క చూసింది, ఆపేశాను.

బానెట్ ఎత్తి చిప్ వైర్లు పీకేశాను. ట్రైలర్ చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి విప్పేశాం, బండిని కాస్త పక్కకి జరిపాను. దాన్ని పైకి లాగింది ఎవరో చెప్పక్కర్లేదు. క్యాంపింగ్ కోసమని ఎప్పుడో వెనక హుక్ పెట్టించారట అంకుల్. మెల్లగా వెనక్కి వచ్చారు, తగిలించుకున్నారు, వెళ్ళిపోయారు. వెళ్తూ "పర్లేదు బాబూ" అన్నారు. ఆ మాటకి కోపం తెచ్చుకోవడానికి నేను నిజంగా ప్రయత్నించాను, రాలేదు.

ఆ తర్వాత నా బండి ఫస్ట్ గేర్‌లో, మెల్లగా, చిప్ లేకుండా, పొగ లేకుండా ర్యాంప్ ఎక్కేసింది. ఒక్కసారి కూడా జారలేదు.

పైన పార్క్ చేసి పరుగెత్తుకుంటూ కిందికొచ్చాను. కాకినాడలో ఉన్న వాళ్ళ చెల్లికి వీడియో కాల్ కలపమని అత్తయ్యగారు పొద్దున్నే నాకు చెప్పారు. ఇంత జరిగాక ఆ పని ఇంకెవరికో ఇచ్చేసుంటారనుకున్నాను. ఆవిడ నీళ్ళలోకి దిగబోతూ వెనక్కి తిరిగి, "కలిపావా?" అన్నారు.

కలిపాను. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నీళ్ళ అంచున నిలబడ్డాను. బావ ఒక పక్క, పాస్టర్ గారు ఇంకో పక్క పట్టుకుంటే ఆవిడ నడుముల్లోతు దాకా నడిచారు. ముంచారు. లేచారు. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే కళ్ళు తెరిచి ముందు ఫోన్ వైపే చూశారు. "చూశావే? గుర్తుండేలా అయింది!" అన్నారు. అటు నుంచి వాళ్ళ చెల్లి ఏడుస్తూ, "చూశాను అక్కా, కానీ ఆ చీరకేమైందీ?" అంది.

"అదా, తర్వాత చెప్తాలే" అన్నారు ఆవిడ.

చుక్కలు పోలేదు. డీజిల్ మసి నీళ్ళకి పోదు.

తిరిగి వెళ్ళేటప్పుడు అక్క అంకుల్‌తో మాట్లాడేసింది, అత్తయ్యగారు మినీవ్యాన్‌లో వెళ్ళేలా. తలుపు కూడా అదే జరిగి తెరుచుకుంది. ఆవిడ దాన్ని చూసి, నా బండి వైపు చూసి, "ఆ స్టూలెక్కడ?" అన్నారు.

"అత్తయ్యా, వద్దు" అంది అక్క.

"వచ్చిన బండిలోనే వెళ్తాను. కానీ బాబూ, ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

ఇచ్చాను. ఆవిడ దాన్ని మార్చుకున్న చీర చెంగులో మూటగట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. హైవే ర్యాంప్ మీద ఇంజిన్ ఎప్పట్లాగే మూలుగుతూ ఎక్కుతోంది. పక్కనుంచి మినీవ్యాన్ వచ్చింది, దాటింది, పాప నాలుక బయటపెట్టింది. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. జేబు ఖాళీ.

అత్తయ్యగారు వాళ్ళకి చెయ్యి ఊపారు.

"ఏం తొందరో పాపం వాళ్ళకి" అన్నారు.