గంటలు మింగిన ప్రోగ్రాం

నా పేరు మీద తప్పుల్లేని ప్రోగ్రాం ఒక్కటే ఉంది. ఎవరైనా ఉద్యోగానికి పిలిచి ఇంతవరకు ఏమేం చేశారని అడిగితే, మిగతావన్నీ ఏకరువు పెట్టి దాన్ని మాత్రం దాటేస్తాను. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర ఒక సందులో, కళ్లద్దాల షాపు పైన రెండో అంతస్తులో ఉండేది మా కంపెనీ. కంపెనీ అంటే పెద్ద మాట. మూడు గదులు, ఏడుగురు మనుషులు, కరెంటు పోతే ఇరవై నిమిషాలు కూడా ఓపలేని బ్యాటరీ. ఊళ్లో ప్రతి రెండో గోడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. నేను శ్రీకాకుళం నుంచి డిగ్రీ పట్టుకొచ్చి, సీతాఫల్‌మండిలో ఇంకో ముగ్గురితో ఒకే గదిలో సర్దుకుని, అక్కడ వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో చేరాను. పని రాదు. వచ్చన్న పొగరు మాత్రం దండిగా ఉండేది.

నాకు పని నేర్పింది మౌలాలి నుంచి బస్సులో వచ్చే ఒక అక్క. నాకంటే పదేళ్లు పెద్దది. మేం రాసిన ప్రతిదీ ఆమె చూశాకే క్లయింటుకు వెళ్లాలి. ఆమె చూసే తీరే వేరు. ప్రోగ్రామంతా ప్రింటు తీసేది. అంచుల వెంట రంధ్రాలున్న పొడుగాటి కాగితం, గీరుతున్నట్టు మోత పెట్టే ప్రింటరు. మానిటర్ పక్కకు జరిపి, కాగితం బల్ల మీద పరిచి, పెన్సిల్ మొనను ఒక్కో లైను కిందా పెట్టి, అక్కడ ఏం జరుగుతుందో మనసులోనే నడిపించుకుంటూ పోయేది. గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు తల ఎత్తేది కాదు.

"ఏటక్కా, ఎదురుగా కంప్యూటర్ పెట్టుకుని కాగితాలు చదువుతున్నారు?" అని చేరిన వారంలోనే వెటకారం చేశాను.

"మేం నేర్చుకున్నప్పుడు ముప్పై మందికి ఒక్కటే కంప్యూటర్ ఉండె తమ్ముడూ. వారానికి ఒక్కసారి మన నంబరొచ్చేది. తప్పుల్లేకుండ కాగితం మీద రాస్కొని పోవాలె, లేకుంటే మళ్ల వారం దాక ఆగాలె. అట్ల అలవాటైంది," అంది. "అయినా మీరు గీరు ఏందీ, అక్కా అన్నంక?"

ఆ మధ్యాహ్నమే నా పేజీలో నాలుగు తప్పులు పట్టి ఇచ్చింది. నేను రెండు రోజులు కుస్తీ పట్టినా వాటిలో ఒక్కటీ కనబడలేదు. అప్పటినుంచి నోరు మూసుకుని ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నాను. తన డబ్బాలో జొన్నరొట్టె సగం విరిచి నాకు పెట్టేది. వాళ్లాయన పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళ్తున్నారు, ఇంటికి వచ్చే జీతం ఆమెదొక్కటే. గోడు వెళ్లబోసుకుంటూ చెప్పింది కాదిది, రొట్టె తింటుంటే మాటల్లో వచ్చింది.

విదేశాల్లో ఉన్న ఒక క్లయింటు మాకు గంటల లెక్కన పని ఇచ్చేవాడు. ఒకరోజు మా సార్, అంటే కంపెనీ పెట్టిన ఆయన, నన్ను తన గదిలోకి పిలిచాడు.

"క్లయింట్ ప్రూఫ్ అడుగుతున్నడు. మనోళ్లు నిజంగ ఎంతసేపు పనిచేస్తున్నరో చూపియ్యాలంట. ఒక చిన్న టూల్ రాస్తవా?"

రెండు వారాల్లో రాసేశాను. అది ప్రతి కంప్యూటర్‌లోనూ చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. కీబోర్డో మౌసో కదులుతున్నంతసేపు పచ్చ. పది నిమిషాలపాటు ఏదీ కదలకపోతే ఎరుపు. సాయంత్రానికి ఒక్కొక్కరి పేరు పక్కన పచ్చ ఎంత, ఎరుపు ఎంత అని రిపోర్టు. దానికి 'హాజరు' అని నేనే పేరు పెట్టాను. నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. మిగతావాళ్లు రెండో రోజుకే కిటుకు కనిపెట్టారు. కంప్యూటర్‌లో పేకాట ఆడినా పచ్చే.

నడిపి చూసిన మొదటి వారం అక్క పేరు పక్కన ఎరుపు పెద్దగా రాలేదు. రోజులో సగానికి పైగా కాగితం మీదే ఉండే మనిషికి అంత తక్కువ ఎలా వచ్చిందని నేను ఆలోచించాలి. ఆలోచించలేదు, హమ్మయ్య అనుకున్నానంతే.

తర్వాత ఎప్పటిలాగే ప్రోగ్రామంతా ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఒక పూటంతా చదివింది. పక్కన ఇరానీ చాయ్ చల్లారి మీగడ కట్టింది. సాయంత్రం నన్ను పిలిచి ఒక లైను కింద పెన్సిల్‌తో గీత గీసింది.

"జెర ఇది చూడు. ఖాళీ టైము గంటా ఇరవై నిమిషాలుంటే గంటలు వేరే, నిమిషాలు వేరే చేసినవ్. మొత్తం కలిపేటప్పుడు నిమిషాలే కలుపుతున్నవ్. మరి గంట ఎటు పాయె?"

చూశాను. ఖాళీ సమయం గంట దాటితే ఆ గంటను నా ప్రోగ్రాం మింగేసి, మిగిలిన ఇరవై నిమిషాలే బయటపెడుతోంది. మా ఆఫీసులో గంటకు మించి కీబోర్డు ముట్టకుండా కూర్చునేది ఒక్క మనిషే. ఆ మనిషే పెన్సిల్ పట్టుకుని నా ఎదురుగా ఉంది.

"అక్కా, ఇది దిద్దితే నీ పేరు పక్కనంతా ఎరుపే వస్తాది. ఇలాగే వదిలేద్దాం. ఎవులు చూస్తారు?"

"తప్పు దొరికినంక ఎట్ల వదిలేస్తం?" అంది, పెన్సిల్ పక్కన పెట్టి. "నేనేమన్న ఖాళీగ కూసున్ననా? చదువుతున్న. సార్‌కి తెల్వదా ఏందీ? అడిగితే చెప్త. నువ్వు సుత ఒక మాట చెప్పు."

"చెప్తానక్కా," అన్నాను. ఆ సాయంత్రమే దిద్దాను. ఒక్క లైను మారిస్తే సరిపోయింది.

నెలాఖరుకు క్లయింటు ఒక మనిషిని తగ్గించమన్నాడు. ఆ పొద్దున సార్ నన్ను విడిగా పిలిచి, "నీ టూల్‌ని వేరే కంపెనీలకు సుత అమ్ముదాం. దానికి నువ్వే ఇన్‌చార్జ్" అన్నాడు. మధ్యాహ్నం ఏడుగురినీ కూర్చోబెట్టి, నెల రిపోర్టు ముందు పెట్టాడు.

"చూడమ్మా, రోజుకు ఐదు గంటలు రెడ్డున్నది. క్లయింట్‌కి నేనేం చెప్పాలె?"

"ప్రింటు తీసి చదువుతున్న సార్," అంది అక్క. "మీకు తెల్సు కదా."

"నాకు తెల్సు. కాని వాళ్లకు నీ కాగితం కనబడదు కద." సార్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. టూల్‌ల ఏమన్న తప్పున్నదా? లెక్క కరెక్టేనా?"

"కరెక్టే సార్," అన్నాను.

అబద్ధం కాదు. నన్ను తినేస్తున్నది అదే. దాని తర్వాత చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. లెక్క సరైందే కానీ సార్, ఆమె చదివే గంటలు దానికి కనబడవు, ఆమె చదవబట్టే మన పని తప్పులతో వెనక్కి రావట్లేదు, ఈ లెక్క సరిచేసింది కూడా ఆమే. ఇంతే. నాలుక చివరిదాకా వచ్చింది. అక్క ఆ మాట కోసమే నా వైపు చూస్తూ ఆగింది. నేను బల్ల మీద టీ గ్లాసు చూస్తూ కూర్చున్నాను. ఇన్‌చార్జ్ అన్న మాట పొద్దున్నుంచీ చెవుల్లో తీయగా మోగుతోంది మరి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని మా అమ్మ తిట్టేది. నేను ఏటి మధ్యలోనే తగలేశాను.

శుక్రవారం ఆఖరి రోజని సార్ ఆమెకు చెప్పాడు. గదిలోంచి బయటికి వస్తూ, "చెప్పలేదేంది తమ్ముడూ?" అని మెల్లగా అడిగింది. నేను పక్కకు జరిగి దారిచ్చాను. నన్ను దాటుకుని పోతూ, "పోనీలే," అంది. తిట్టి ఉంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో.

శుక్రవారం ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకు వచ్చింది. సోమవారం క్లయింటుకు వెళ్లాల్సిన నా సైటు ఒకటి ఉంది. నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. తనే ప్రింటు తీసుకుని, మానిటర్ పక్కకు జరిపి చదవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం రొట్టె సగం విరిచి నా బల్ల మీద పెట్టి, తన సగం చదువుతూనే తింది. నా సగం అలాగే ఎండిపోయింది. ఐదున్నరకు కాగితాలు మడిచి నా చేతికిచ్చింది.

"మూడు చోట్ల గుర్తు పెట్టిన. రెండోది పెద్దది, అది ముందు దిద్దు."

డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

ఆరింటికి హాజరు తనంతట తానే ఆ రోజు రిపోర్టు తీసింది. ఆమె పేరు పక్కన పచ్చ పన్నెండు నిమిషాలు, నా సైటు ప్రింటు తీయడానికి పట్టినంత. ఎరుపు ఏడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. ఒక్క గంట కూడా ఎటూ పోలేదు. కింద నా పేరు పెట్టి సార్‌కు పంపించాను.