డాక్టర్‌ను పెద్దమ్మ అడిగిన మాట

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయిన సోమవారం కన్నుమూసింది. "పెద్దమ్మ లేదు బిడ్డా" అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిర్యాలలో ఆఫీసుకు తయారవుతున్నదాన్ని, అట్లాగే బస్సెక్కాను.

ఆమె మాకు చుట్టం కాదు. ఆమె భర్త, మా నాన్న ఒకే గనిలో పనిచేసేవారు. నాకు పదకొండేళ్లప్పుడు, నల్లా దగ్గర బిందె దించి నేను గోడకు ఒరగడం మొదట చూసింది ఆమే.

"ఈ పిల్లది బద్దకం కాదు చెల్లే, ఆయాసం. దవాఖానకు తీస్కపోదాం పా" అంది అమ్మతో.

కీళ్లజ్వరం వల్ల నా గుండెలో ఒక వాల్వు పాడైందనీ, మార్చక తప్పదనీ హైదరాబాద్ డాక్టర్లు తేల్చారు. అమ్మ అప్పుడు పచ్చి బాలింత. నాన్నకు, నాకు తోడుగా పెద్దమ్మ బయల్దేరింది. అంతవరకు ఆమె హైదరాబాద్ చూడలేదు.

లోహపు వాల్వు చాలాకాలం పనిచేస్తుంది గాని, రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలన్నారు డాక్టర్. జంతువుల కణజాలంతో చేసింది పిల్లల్లో తొందరగా అరిగిపోతుంది, మళ్లీ ఆపరేషన్ చేయాలి.

"సారూ, ఆడపిల్ల. ఆ మందు మింగుకుంట రేపు కాన్పెట్ల?" అని అడిగింది పెద్దమ్మ.

"కష్టమే అమ్మా. కడుపు రాకముందే మా దగ్గరికి రావాలి. మందు మార్చి కనిపెట్టుకుని ఉండాలి."

ఆమె నాన్న వైపు తిరిగింది. "ముందుగాల పిల్ల బతకాలె. కడమది అప్పుడు చూస్కుందాం." నాన్న లోహపు వాల్వుకే ఒప్పుకుని సంతకం చేశాడు.

తిరిగొచ్చాక, ఆకుకూరలు ఆ మందు బలాన్ని తగ్గిస్తాయన్న భయంతో అమ్మ నాకు అవి పెట్టేదే కాదు. పెద్దమ్మ ఒక చిన్న గిన్నె తెచ్చిచ్చింది. "డాక్టర్లు వద్దనలే చెల్లే. దినాం ఒక్క తీరుగ తినుమన్నరు. దీనితోని కొలిచి పెట్టు." నెలనెలా రక్తపరీక్షకు తనే వెంట వచ్చేది. సూది పొడిచేటప్పుడు మాత్రం తనే కళ్లు మూసుకునేది.

నా పెళ్లయిన వారానికి ఫోన్ చేసింది. "ముందే రమ్మన్నడు డాక్టర్. యాదున్నదా?"

నిజానికి నేను మరిచిపోయాను. ఆ మాటతోనే నేనూ మా ఆయనా హైదరాబాద్ వెళ్లాం. మందులు మార్చారు, సూదులు ఇచ్చారు, నెలల తరబడి కనిపెట్టుకుని చూశారు. నా కూతురికిప్పుడు మూడేళ్లు.

ఆమెను తలుచుకుంటే ఇవన్నీ పక్కకు జరిగి ఒక్కటే కళ్లముందు నిలుస్తున్నది. నన్ను స్ట్రెచర్ బండి మీద ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నారు. చెప్పులు విప్పమన్నారని పెద్దమ్మ వాటిని ఎడమచేత పట్టుకుని, వట్టికాళ్లతో బండి పక్కనే నడిచింది. తలుపు దగ్గర ఆమెను ఆపేశారు. తలెత్తి చూశాను. తలుపు మూసుకునేదాకా ఆమె కుడిచేయి పైకెత్తే ఉంచింది.