ఆరు, ఆగి ఎనభై ఎనిమిది

కెనడాలో, విన్నిపెగ్‌లో నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో ఒక ఇంగ్లీషు ముసలావిడ ఉండేది. రోజూ పొద్దున ఆవిడకి తల దువ్వడం నా డ్యూటీ. దువ్వినంతసేపూ ఇంగ్లండులో వాళ్ళ ఊరి సంగతులే. మొదట్లో ఒళ్ళు మండేది. నా ఊసు అడిగే దిక్కు లేదిక్కడ, మధ్యలో ఈవిడ ఊరి గోలొకటి. పోనుపోను అది వినకపోతే నాకే తోచేది కాదు.

నలభై గడపల ఊరట. ఒకే వీధి, రాతి చర్చి, ఒక కొట్టు, ఆ కొట్లోనే పోస్టాఫీసు. ముప్ఫై ఏళ్ళ కిందట కాపురానికొచ్చినవాళ్ళు కూడా వాళ్ళకి కొత్తవాళ్ళేనట. "అయితే ఆరేళ్ళయినా నేనిక్కడ కొత్తదాన్నేలెండి," అంటే పకపకా నవ్వింది. తర్వాత్తర్వాత ఆ ఊళ్ళో పిల్లల్లేక బడి మూసేశారట. కొట్టూ పోయింది. ఇళ్ళన్నీ సెలవులకొచ్చే సిటీవాళ్ళు కొనేశారు.

చర్చి గంట సంగతి మాత్రం పదేపదే చెప్పేది. ఊళ్ళో ఎవరైనా పోతే గంట కొట్టేవాళ్ళు. మగవాడైతే తొమ్మిది, ఆడదైతే ఆరు. కాస్త ఆగి, వయసెంతైతే అన్ని. పొలాల్లో జనం పని ఆపి లెక్కపెట్టుకునేవాళ్ళు. గంట ఆగేసరికి పోయిందెవరో తెలిసిపోయేది.

మా హోమ్‌లో ఎవరైనా పోతే తలుపు మీద పేరు తీసేస్తారు, అంతే. ఒకరోజు పక్కగది తలుపు చూసి, "నాకెవరు కొడతారు?" అంది. ఆవిడ భయపడుతోందని అప్పుడు తెలిసింది. "నేను కొడతాలెండి," అన్నాను. ఏదో మాటకి అనేశాను గానీ, ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ మాట తీసుకుంది.

నా సెలవు రోజునే పోయింది. సోమవారం వెళ్ళేసరికి మంచం మీద కొత్త దుప్పటి, తలుపు మీద పేరు లేదు. నాకొక ఫోన్ చెయ్యాలని ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది, నేనేమవుతానని?

డ్యూటీ దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చి, కిటికీ తెరిచి, స్టీలు పళ్ళెం మీద అట్లకాడతో ఆరు కొట్టాను. కాస్త ఆగి, ఆవిడ వయసు ఎనభై ఎనిమిదీ మొదలెట్టాను. చలి లోపలికి కొడుతోంది, ఏడుపొస్తోంది, లెక్క తప్పకూడదు. డెబ్భై ఆరు దగ్గర ఎవరో తలుపు తట్టారు. కింది ఫ్లాట్ ఆయన. ఆరేళ్ళలో లిఫ్టులో తలూపుకోవడమే తప్ప మా మధ్య మాటల్లేవు.

"ఏమైంది?" అన్నాడు.

"మా ఊళ్ళో ఒకావిడ పోయిందండీ," అన్నాను. "ఇంకా పన్నెండున్నాయి."