కండ్లు మూయని కొట్లాట

దుర్గాభవాని నోరు ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. సాయంత్రం చిలకనగర్‌ల బస్సు దిగిందంటే ముందు గొంతు ఇంటికొచ్చేది, వెనుక మనిషొచ్చేది. ఆ గొంతు ఇనంగనే తల్లి వెంకటనర్సమ్మ చాయకు నీళ్లు పెట్టేది. "దీన్ని చేసుకునేటోడు చెవులల్ల దూది పెట్టుకోవాలె" అని తండ్రి రామస్వామి నవ్వేటోడు. మోత్కూరు దిక్కు నుంచి వచ్చి, ఉప్పల్‌ల ఆటో నడుపుకుంట బతుకుతున్న మనిషి. బిడ్డంటే పానం.

రెండువేల ఆరుల భవానికి ఇరవై రెండేండ్లు. నాచారంల ఒక మందుల కంపెనీల గోలీల షీట్లు చూసే పని. బెల్టు మీద షీట్లు వస్తుంటయి. గోలీ లేని గూడు కనబడితే ఆ షీటు తీసి పక్కకు పడేయాలె. పని కండ్లకే గని నోటికి కాదు. అందుకే పక్కన కూసునే సువార్తమ్మకు భవాని లోకంల సంగతులన్ని చెప్పేది. సువార్తమ్మ నలభై అయిదేండ్ల మనిషి. ఆదివారం చర్చిల పాస్టరు మాటలు ఇంటది, మిగిలిన ఆరు రోజులు భవాని మాటలు ఇంటది. మిషన్ల చప్పుడుల ఎవరి మాట ఎవరికి ఇనబడదు గనుక గొంతు చించుకోవాలె. షిఫ్టు దిగేసరికి భవాని గొంతు బొంగురు పోయేది.

ఆ హాల్‌ల గొంతు చించుకోకుండ ముచ్చట పెట్టుకునేటోళ్లు ఇద్దరే. ఒకరు నరేందర్, డబ్బాలు కట్టే మిషను నడిపిస్తడు. ఇంకొకరు దుర్గేష్, అవుతల కొసకు లేబుళ్ల మిషను మీద ఉంటడు. ఇద్దరికి పుట్టుకతోనే చెవులు ఇనబడవు. ఒకే బడిల చదువుకున్నరు. ఈ కొస నుంచి ఆ కొసకు చేతులతోని ఏదో చెప్పుకుంటరు, కడుపు పట్టుకొని నవ్వుకుంటరు.

ఆ నవ్వు భవానికి ముల్లు లెక్క గుచ్చేది. వాళ్లు నవ్వినప్పుడల్ల చూపు తన దిక్కే తిరుగుతున్నదని అనుమానం. ఒకరోజు తిండి బెల్లు కొట్టంగనే పోయి నరేందర్ ముందట నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డది.

"నా మీదనేనా నవ్వేది?"

అడిగినంక యాదికొచ్చింది, ఆయనకు ఇనబడదని. సిగ్గుతోని నాలుక కరుచుకున్నది. కని నడుము మీద చెయ్యి పెట్టుకున్న ఆడమనిషి ఏమడుగుతదో తెలుసుకోవడానికి చెవులు అవసరమా? నరేందర్ చినిగిన అట్టముక్క తీసుకొని పెన్నుతోని రాసిండు. "అవును. నీ మీదనే."

గంత సక్కగ ఒప్పుకుంటడని భవాని అనుకోలేదు. ఆయన మళ్లా రాసిండు. "నువ్వు మాట్లాడుతుంటే కనుబొమ్మలు గంతులేస్తయి. చేతులు కూడ ఊరుకోవు. మాకు కథంత తెలుస్తది. నిన్న ఎవరో బండి మీదికెళ్లి కింద పడ్డరు గదా?"

నిజమే. నిన్నంత సువార్తమ్మకు చెప్పింది మేనమామ స్కూటర్ మీదికెళ్లి పడ్డ కథనే.

నరేందర్ రెండు వేళ్లు కనుబొమ్మ మీద పెట్టి టక్కుటక్కున రెండుసార్లు ఎగరేసిండు. వాళ్ల చేతుల భాషల అది ఆమె పేరట. ఆర్నెల్ల కిందనే వాళ్లిద్దరు కలిసి పెట్టుకున్నరట. భవానికి కోపం రావాలె. వచ్చింది కూడ. కని ఆ రోజు బస్సుల కిటికీ పక్కన కూసొని, ఎవరు చూస్తలేరని చూసుకొని, తన కనుబొమ్మ మీద తానే రెండు వేళ్లు ఎగరేసుకున్నది. ఇంటోళ్లు దేవతల పేరు పెట్టిన్రు. తనను మాత్రమే చూసి పెట్టిన పేరు ఇదొక్కటే.

ఆ రోజు నుంచి తిండి బెల్లు కొడితే చాలు, అన్నం గిన్నె పట్టుకొని నరేందర్ దగ్గరికి పోయేది. మొదలు చేతులతోని 'నీళ్లు', 'అన్నం', 'బస్సు' అనుడు నేర్చుకున్నది. తర్వాత 'నిన్న', 'రేపు'. తప్పులు మస్తు చేసేది. ఒకసారి "మీ అమ్మకు పానం ఎట్లున్నది?" అని అడిగిన అనుకున్నది. దుర్గేష్ నవ్వి నవ్వి గిన్నె కింద పడేసిండు. "మీ బర్రెకు పానం ఎట్లున్నది?" అని అడిగిందట. నరేందర్ మాత్రం మొకం గంభీరంగ పెట్టి, "మంచిగున్నది, పూటకు నాలుగు లీటర్లు ఇస్తున్నది" అని జవాబిచ్చిండు. మాట రానోడని ఊరంత అనుకునే మనిషి ఇంత మాటకారి అని భవానికి ఆ రోజు తెలిసింది.

ఫోన్లు కొనుక్కున్నంక మెసేజులు మొదలైనయి. ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు. చిన్న ఫోను, చిన్న బటన్లు. భవాని నోటితోని చెప్పే దాంట్ల పదో వంతు కూడ పట్టేది కాదు. అందుకే ఏది చెప్పాలె, ఏది విడిచిపెట్టాలె అని మొదటిసారి ఆలోచించుడు నేర్చుకున్నది.

ఈ మార్పు అందరికంటే ముందు సువార్తమ్మ పట్టింది.

"ఏమైంది పిల్లా? పది రోజులాయె, నా చెవులకు సెలవిచ్చినవ్. జరమా?"

"ఏం లేదక్కా."

"నరేందరేనా?"

భవాని షీటు చూస్తున్నట్టు తల దించుకున్నది.

"తప్పేం గాదు గని ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. అది జాలా, ఇష్టమా? జాలి మీద కట్టిన ఇల్లు నిలవది బిడ్డా."

భవాని రెండు రోజులు జవాబు చెప్పలేదు. గంత సేపు ఒక్క మాటకు ఆలోచించుడు ఆమె బతుకుల లేదు. మూడోరోజు పని మధ్యల ఉన్నట్టుండి సువార్తమ్మ చెవిల అరిచింది. "అక్కా, జాలైతే ఆయన బరువు మోస్తుంటే పోయి చెయ్యి పట్టాలనిపిస్తది గదా? నాకు అట్ల అనిపిస్తలేదు. ఆయనతోని కొట్లాడాలనిపిస్తది. ఏదన్న కొత్త సంగతి తెలిస్తే ముందు ఆయనకే చెప్పాలనిపిస్తది. ఆయన రాని రోజు తిండి బెల్లు కొట్టినా కొట్టనట్టే ఉంటది."

సువార్తమ్మ పక్కున నవ్వింది. "గట్లయితే అది ఇష్టమే. పో, జెప్పు."

దుర్గేష్ దగ్గర 'పెండ్లి' అనే మాట నేర్చుకొని, నాలుగు రోజులు అద్దం ముందట చేతులు తిప్పి, ఒక శనివారం సాయంత్రం మల్లాపూర్ తొవ్వల బస్టాపు కాడ భవాని అడిగేసింది. "మనం పెండ్లి చేసుకుందామా?"

నరేందర్ మొకం సంతోషంతోని వెలిగింది. మరు నిమిషంల చీకటైంది.

"వద్దు" అన్నయి చేతులు. "నువ్వు మాటల మనిషివి. మా ఇంట్ల నీ మాటలు ఎండిపోతయి. నాలుగేండ్లకు నీకు నా మీద జాలి మిగులుతది. ఆ జాలి నేను చూడలేను."

"నాకేం మిగులుతదో నీకెట్ల తెలుసు?" భవాని చేతులు జోరుగ తిరిగినయి. "నన్ను అడుగవా? నా మనసు సంగతి కూడ నువ్వే చెప్తవా?"

నరేందర్ ఇంక చూడలేక రెండు కండ్లు గట్టిగ మూసుకున్నడు.

ఇంట్ల అమ్మ అలిగి తలుపేసుకుంటే తలుపు బాదొచ్చు. ఫోను పెట్టేస్తే మళ్లా చెయ్యొచ్చు. ఈయన కండ్లు మూసుకున్నడంటే లోకం మొత్తం బంద్. అరిచి లాభం లేదు. భుజం పట్టి ఊపుదామని చెయ్యెత్తింది, మళ్లా దించుకున్నది. గుంజి తెరిపించిన కండ్లతోని ఏం మాట్లాడాలె?

అట్లనే నిలబడ్డది. ఒక బస్సు వచ్చి పోయింది. ఇంకో బస్సు పోయింది. పక్కన మక్కకంకులు కాల్చే అవ్వ విసనకర్ర ఆపి, "ఏమైంది బిడ్డా, పిలగాని కండ్లల్ల దుమ్ము పడ్డదా?" అన్నది.

"అవు అవ్వా, మస్తు దుమ్ము పడ్డది" అన్నది భవాని.

మూడో బస్సు పోయినంక నరేందర్ కండ్లు తెరిచిండు. ఈపాటికి ఆమె పోయి ఉంటదనుకున్నడు. ఎదురుంగ అక్కడనే ఉన్నది, బుగ్గల మీద నీళ్లతోని.

"చూడు" అన్నది భవాని, తప్పులతడక చేతులతోని, మెల్లగ. "నన్ను తిట్టు. నాతోని ఎంతన్న కొట్లాడు. కండ్లు మాత్రం మూయకు. నాకు కొట్టనీకె తలుపు లేకుండ చేయకు."

ఆయన చేతులు కదిలినయి. "నీకు కోపమొస్తే గిర్రున వెనక్కి తిరుగుతవు. నీ వీపు నాకేం చెప్పది. నువ్వు కూడ తిరుగొద్దు."

అది నిజమే. తిరిగే అలవాటు ఉన్నదని ఆమెకే తెల్వది.

"ఇంక తిరుగ" అన్నది భవాని.

"నేను కండ్లు మూయ."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఏది?"

"పెండ్లి!"

నరేందర్ నవ్వి, అవ్వ దగ్గర రెండు కంకులు కొనుక్కొచ్చి ఒకటి ఆమె చేతుల పెట్టిండు. చెయ్యి ఖాళీ లేక భవాని మారు మాటాడలేదు.

ఇంట్ల మాత్రం కథ అట్ల నడువలేదు. రామస్వామి అన్నం కంచం ముందట నుంచి లేచిండు. "రేపు పిల్లలు పుట్టి ఏడిస్తే ఎవలకు ఇనబడ్తది?"

"నాయినా, నీకు రెండు చెవులున్నయి గదా. నేను చిన్నప్పుడు ఏడిస్తే ఎన్నిసార్లు లేచినవ్?"

పొయ్యి కాడ వెంకటనర్సమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్ల పెట్టుకున్నది. రామస్వామి కోపంతోని బయటికి పోయిండు గని, రెండు వారాలకు మెత్తబడి, "ఒకసారి ఆ పిలగాన్ని సూస్త" అన్నడు.

ఆదివారం పొద్దున పోయి నరేందర్‌ను ఎక్కించుకొని ఇంటి దిక్కు ఆటోల బయలుదేరిండు. మల్లాపూర్ దాటంగనే ఆటో ఆగిపోయింది. ఎండ మండుతున్నది. చేసేదేముంది, రామస్వామి ముందట హ్యాండిల్ పట్టుకున్నడు, నరేందర్ వెనుక నుంచి నెట్టిండు. రెండు గంటలకు ఇద్దరు చెమటల మునిగి చిలకనగర్ చేరిన్రు. నరేందర్ నీళ్లు తాగి, దండం పెట్టి పోయిండు.

"ఎట్లున్నడు నాయినా?" భవాని తువ్వాల అందిచ్చుకుంట అడిగింది.

రామస్వామి తువ్వాలతోని మెడ తుడుచుకుంట అన్నడు. "బంగారమసొంటి పిలగాడు. తొవ్వ పొడుగున ముచ్చట పెట్టిన. భూమి సంగతి జెప్పిన, తమ్ముడు జేసిన మోసం జెప్పిన, నా మోకాలి నొప్పి జెప్పిన. ఒక్కసారి అడ్డం రాలేదు. అంత ఓపికగ ఇన్నడు."

భవాని నవ్వు మొదలైంది, తల్లి నవ్వు కలిసింది. రామస్వామికి అప్పుడు తట్టింది. మొదలు సిగ్గుపడ్డడు. ఆ తర్వాత మెల్లగ అన్నడు. "ఇనకపోతే ఇనకపాయె. నా వెనుక ఉండి అంత దూరం బండి నెట్టిండు. ఎవలు నెడ్తరు ఈ రోజులల్ల?"

రెండువేల ఎనిమిదిల చిలకనగర్ గుళ్లె పెండ్లి అయింది. "నాతిచరామి" అనే కాడ అయ్యగారు ఆగిపోయిండు. ఈ మాట పెండ్లికొడుకు అనాలె గదా, ఎట్ల? భవాని బాసికంతోనే తలెత్తి, "పంతులుగారూ, దానికి తెలుగుల అర్థం జెప్పండి" అన్నది. అయ్యగారు కొద్దిగ తడబడి, "నిన్ను దాటి పోనమ్మా, విడిచిపెట్టనమ్మా అని" అన్నడు. భవాని చేతులతోని చెప్పింది. నరేందర్ చేతులు ఆ మాటను ఆమెకు తిరిగి చెప్పినయి, ఒక్కసారి గాదు, మూడుసార్లు. వెనుక వరుసల కూసున్న ఆయన దోస్తులు పది మంది చేతులు పైకెత్తి గాలిల ఊపిన్రు. వాళ్ల చప్పట్లు అవే. గుడి నిండ చప్పుడు లేని చప్పట్లు చూసి, సువార్తమ్మ కూడ చేతులెత్తి ఊపింది.

సంసారం అందరి లెక్కనే నడిచింది. ఉప్పు ఎక్కువైతే కొట్లాట, తక్కువైతే కొట్లాట. చేతులు ఎంత జోరుగ తిరిగేవంటే ఒకసారి చాయ గ్లాసు ఎగిరి కిటికీల పడ్డది. కని ఆయన కండ్లు మూయలేదు, ఈమె వెనక్కి తిరుగలేదు. ఎదురెదురుగ మొకాలు చూసుకుంట ఎంతసేపని కొట్లాడుతరు? పది నిమిషాలకు ఎవరో ఒకరికి నవ్వొచ్చేది. అత్తగారి ఇంటి దిక్కు ఆడోళ్లు, "మీకు కొట్లాటలే రావా?" అని అడిగితే, "ఎందుకు రావు, మొగుడు పెండ్లాలం గదా. చూసుకుంట కొట్లాడుతం, గంతే" అనేది భవాని.

బిడ్డ హిమజ పుట్టినంక భవాని రెండో షిఫ్టుకు పోతే, నరేందర్ పగటి డ్యూటీ దిగొచ్చి ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకొని కూసునేటోడు. పిల్ల కదిలితే తాడు గుంజేది. మనుమరాలిని చూడొచ్చిన రామస్వామి ఆ తాడు చూసిండు. మరునాడు బజార్ల నుంచి మెత్తటి నూలుతాడు కొనుక్కొచ్చి ఇచ్చిండు. హిమజ నోటితోని 'అమ్మ' అనకముందే చేతులతోని 'పాలు' అడిగింది.

రెండువేల పద్నాలుగు, జూన్ రెండో తారీఖు. తెలంగాణ వచ్చిన రోజు. పొద్దుగాలనే చిలకనగర్ చౌరస్తాల డప్పులు, గులాల్, మిఠాయిలు. నాలుగేండ్ల హిమజ నాయిన భుజాల మీద కూసున్నది. స్టేజీ మీద కాలనీ పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకొని గంటసేపు విడువలేదు. నరేందర్ భవాని మోచేతిని తట్టి, "ఏమంటున్నడు?" అని అడిగిండు.

"మంచి రోజులొచ్చినయంటున్నడు."

పావుగంట గడిచింది. ఆయన మళ్లా అడిగిండు. "ఇప్పుడు?"

"ఇంకా మంచి రోజులొస్తయంటున్నడు."

నరేందర్ అనుమానంగ చూసిండు. "గంటసేపు మాట్లాడిండు. నువ్వు రెండు మాటలే చెప్తున్నవ్. మిగిలినయి దాచుకుంటున్నవా?"

"ఒట్టు, గంతే ఉన్నది. వాళ్ల తాత పేరు నాలుగుసార్లు చెప్పిండు, అది తీసేసిన."

హిమజ పై నుంచి వంగి, నాయిన కండ్ల ముందట చిన్న చిన్న చేతులు తిప్పింది. "అమ్మ అబద్ధం. ఐదుసార్లు."

నరేందర్ నవ్వుతుంటే భుజాల మీద పిల్ల ఊగిపోయింది. అంతల మైకు ఆగింది, డప్పులు అందుకున్నయి. భవాని ఇద్దరినీ మిఠాయిల దిక్కు గుంజుకుపోయింది. ఆలస్యమైతే లడ్డూలు అయిపోతయి.