గిడసబారిన కంకులు

మా అత్తమ్మను ఖాళీగా కూర్చోబెట్టడం ఇంట్లో ఎవరి తరమూ కాదు. గోపన్‌పల్లిలో మేముంటున్న అపార్ట్‌మెంటు ఒకప్పుడు ఆమెదైన మక్కచేనులో, అంటే మొక్కజొన్న చేనులోనే లేచింది. భూమి ఇచ్చినందుకు బిల్డరు ఇచ్చిన ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో ఆమె పొద్దున్నుంచీ పని వెతుక్కుంటూ ఉంటుంది. దొరక్కపోతే నా వంటింటి డబ్బాలు సర్దుతుంది. ఆ తర్వాత వారం దాకా జీలకర్ర ఎక్కడుందో నాకు తెలియదు.

మా ఆయన హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. నేను కూకట్‌పల్లిలో పెరిగిన కోస్తావాళ్ళ పిల్లను. ఊరి అంచున ఒక విత్తన పరిశోధన సంస్థలో పనిచేస్తాను. మొక్కజొన్నకు టియోసింటే అనే అడవి పూర్వీకురాలు ఒకటుంది. మెక్సికో గడ్డి. కంకి చిటికెనవేలంత, గింజలు రాళ్ళు. చూసినవాళ్ళెవరూ అది మొక్కజొన్నకు చుట్టమంటే నమ్మరు. ఆ గడ్డినీ మొక్కజొన్ననూ కలిపి, పుట్టిన సంతానాన్ని తరాల తరబడి వేర్వేరు వరసలుగా పెంచి, ఎత్తుకూ కంకి లావుకూ కారణమైన జన్యువులు ఎక్కడున్నాయో వెతకడం మా పని. ప్రతి వరసకూ ఒక కంకి, ప్రతి కంకికీ ఒక చీటీ. కంకి పోతే ఆ వరస పోయినట్టే.

ఒక ఏడు సరిగ్గా కోతలప్పుడు ముసురు పట్టింది. సంస్థలో కంకులు ఎండబెట్టే యంత్రం కూడా అప్పుడే మొరాయించింది. బూజు పడితే ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. గాలి తగిలే బాల్కనీ ఉన్నవాళ్ళు తలా కొన్ని ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు మా పై అధికారిణి. నా వంతు కంకులు మా బాల్కనీలో గుడ్డ పరిచి ఆరబోశాను.

"జాగ్రత్తండి అత్తమ్మా, ఇవి విత్తనాలు" అని చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయాను. ఆ ఒక్క మాటే కొంప ముంచింది. విత్తనమంటే ఏం చేయాలో ఆమెకు ఇంకొకరు చెప్పాలా?

సాయంత్రం వచ్చేసరికి బాల్కనీ కళకళలాడుతోంది. బట్టల తీగ మీద చీరలు లేవు. నిండైన కంకులన్నీ పై ఆకులు వెనక్కి మడిచి, జతలు కట్టి, తీగ నిండా వేలాడుతున్నాయి. చిన్నవి ఒక్కటీ లేవు.

"మిగతావేవండీ?"

"గిడసబారినయ్ విత్తనానికి పనికొస్తయా బిడ్డా? ఏరి బర్రెలకిచ్చిన" అంది, పని పూర్తిచేసిన తృప్తితో.

నాకు కోపమొస్తే అరవను, గిన్నెలు గట్టిగా పెడతాను. ఆ రోజు గిన్నెల మీదికి కూడా చెయ్యి పోలేదు. ఏడుపొచ్చింది. ఆమె బెదిరిపోయింది. మాకు కావలసింది మంచి పంట కాదని, పొడుగుదాన్ని పొట్టిదాని పక్కన పెట్టి చూస్తేనే తేడా ఎక్కడ మొదలైందో తెలుస్తుందని, అన్నీ మంచివే మిగిలితే వెతకడానికి ఏమీ ఉండదని ఎలాగో చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, నాకంటే ముందు చెప్పులు తొడుక్కుంది.

మా అపార్ట్‌మెంటు వెనకాల, రెండు టవర్ల మధ్య మిగిలిన జాగాలో బర్రెల కొట్టం ఉంది. పాలాయన ఆ ఊరివాడే. అత్తమ్మను పెద్దమ్మా అంటాడు.

"మెత్తయి తిన్నయ్ పెద్దమ్మా. ఇగ ఇవి నములుతలేవ్. రాళ్ళున్నట్టున్నయ్" అన్నాడు తొట్టి చూపిస్తూ.

తవుడు నీళ్ళలో చాలా కంకులు అలాగే ఉన్నాయి, కట్టిన చీటీలతో సహా. అడవి గడ్డి పోలిక ఎక్కువగా వచ్చిన గట్టి గింజల కంకులవి. పశువుల పళ్ళకు లొంగకపోవడం వాటికి పుట్టుకతో వచ్చిన మొండితనం. ఆ మొండితనానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. అత్తమ్మ చేతులు తొట్టిలో పెట్టి ఒక్కొక్కటే తీసి, కొంగుతో తుడిచి నాకందించింది. మర్నాడు అధికారిణి చీవాట్లు పెట్టారు. మెత్తటి గింజల వరసలు కొన్ని పోయాయి. మిగిలినవాటితో పని సాగుతుందని తేలాక నాకు అన్నం సయించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తమ్మ అడిగింది. "గీ కంకులు ఏడ దాస్తరు?"

"చల్లటి గదిలోనండి. ఇవే కాదు, వీటి చుట్టమైన మెక్సికో గడ్డి గింజలు, ఊరూరా తిరిగి రైతుల దగ్గర సేకరించిన పాత విత్తనాలు కూడా అక్కడే ఉంటాయి."

ఆమె ముద్ద కలపడం ఆపింది. "గా దేశపు గడ్డి గింజలు సుత దాసిన్రు. మరి మా మక్కలున్నయా?"

చూసి చెబుతానన్నాను. చేనున్నన్నాళ్ళూ ఆమె ఏటేటా కంకి కంకీ ఎంచి నిలిపిన విత్తనం అది. ఉద్యోగంలో ఎందరి పొలాల గురించో నివేదికలు రాశాను గానీ, నేను కాపురముంటున్న నేల మీద ఏం పండేదో ఎప్పుడూ అడగలేదు. ఆఫీసు కంప్యూటర్లో ఉన్న విత్తనాల జాబితా అంతా వెతికాను. వేరే సంస్థలో పనిచేసే స్నేహితురాలి చేత కూడా వెతికించాను. గోపన్‌పల్లి పేరుతో ఎక్కడా ఒక్క గింజ లేదు. ఉన్నాయని అబద్ధం చెబుదామా అని లిఫ్టులో అనుకున్నాను. ఆమె తలుపు తీసి నా ముఖం వంక చూసేసరికి చెప్పలేకపోయాను.

"మీ మక్కలు అక్కడ లేవండి అత్తమ్మా. ఎవరూ తీసుకోలేదట. మీ దగ్గర ఏమైనా మిగిలాయా?"

"ఏడియి బిడ్డా. భూమి ఇచ్చిన ఏడు ఇంట్ల ఉన్నయన్ని గటుక వండుకొని తిన్నం. విత్తెతందుకు జాగ లేదాయె" అంది. నా చేతిలోంచి బ్యాగు తీసుకుని కుర్చీలో పెట్టింది. "ఎవలన్న వచ్చి అడిగితే పిడికెడు ఇయ్యకపోదునా."