మానేరు ఒడ్డున లేని బొంద

“గీ పిల్ల సచ్చిపోయిందని నేనే చెప్పిన బిడ్డా.”

ఫోటో చేతికిచ్చి నిమిషం కూడా కాలేదు. సుల్తాన్ బీ కరీంనగర్‌లోని తన ఇంటి గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోటో అందుకుంది. రెండు నెలల పసిగుడ్డు, కుడి చెవి తమ్మె మీద గింజంత పులిపిరి. ఆ పులిపిరి మీద వేలు పెట్టి ఆ మాట అన్నది. ఏడవలేదు. నేను వస్తానని ఇరవై ఆరేళ్ళుగా ఎదురు చూస్తున్నదానిలా అన్నది.

నా పేరు కోమల. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పనిచేస్తాను. స్వీడన్‌లో పెరిగిన లీనా అనే అమ్మాయి, తనను కన్నతల్లిని వెతికిపెట్టమని అర్జీ పెట్టుకుంది. పెద్దవాళ్ళయిన దత్తబిడ్డలకు అలా అడిగే హక్కు మన నియమాల్లో ఉంది. ఆమెను పంపిన శిశుగృహం ఎప్పుడో మూతపడింది. నడిపిన నిర్మలాదేవి మేడం చనిపోయి పదేళ్ళు. మిగిలింది ఒక్క ఫైలు. అందులో ‘బస్టాండులో దొరికిన శిశువు, తల్లిదండ్రుల వివరాలు తెలియవు’ అని ఉంది. కింద సాక్షి సంతకం ఉర్దూలో: సుల్తాన్ బీ, ఆయా.

“బస్టాండులో దొరికిందని రాశారు కదమ్మా?” అన్నాను.

“దొరకలే. తల్లి తెచ్చింది. పేరు అనసూర్య. ఖానాపూర్ దిక్కు ఊరు.”

ఆ మధ్యాహ్నమంతా ఆమె చెబుతూనే ఉంది. అనసూర్యకు అప్పుడు ఇరవై ఏళ్ళు. కరీంనగర్ పక్కన ఇటుకబట్టీలో పనికి వచ్చింది. కడుపుతో ఉండగానే మొగుడు పాము కరిచి చనిపోయాడు. కాన్పయిన పది రోజులకు చలిజ్వరం పట్టుకుంది. లేవలేని స్థితిలో ఉంటే, ఆసుపత్రిలో ఎవరో శిశుగృహం మాట చెప్పారు. జ్వరం తగ్గేదాకా పిల్లను అక్కడ ఉంచుకుంటారనుకుని వచ్చింది. చూపించిన చోట వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు. నా దగ్గరున్న ఫైలులో ఆ కాగితమే లేదు.

పదకొండో రోజు పొద్దున ఆమె తిరిగి వచ్చింది. జ్వరం తగ్గింది, మనిషి పుల్లలా ఉంది. రవిక ముందుభాగం పాలతో తడిసి ఉంది.

“గేటు గొలుసు చప్పుడైతే నేనే పోయిన. ‘అక్కా, నా బిడ్డనియ్యి, పాలు ఆగుతలేవు’ అన్నది. లోపటికి పోయి మేడంకు చెప్పిన. మేడం కుర్చీలకెళ్ళి లేవలే. పిల్ల పేరు అప్పటికే పైదేశపు కాయిదాల మీదికెక్కిందట. ‘చచ్చిపోయిందని చెప్పు సుల్తాన్. ఆమె ఏం పెట్టి సాకుతుంది? ఈ పిల్ల విమానం ఎక్కుతుంది, మంచి ఇంట్ల పడుతుంది. నువ్వు చెప్పేది ఇద్దరి మంచికే’ అన్నది. నాకు గది నిజమే అనిపించింది బిడ్డా. గదే నా గునా, నా పాపం. నన్నెవలు కొట్టి చెప్పియ్యలే.”

గేటు దగ్గరికి వచ్చి చెప్పింది. అనసూర్య అరవలేదు. ఏడ్పు కూడా వెంటనే రాలేదు. “ఏడ బొంద పెట్టిండ్రక్కా?” అని అడిగింది. దానికి జవాబు సుల్తాన్ బీ తయారుచేసుకుని రాలేదు. నోటికి వచ్చింది చెప్పింది: మానేరు ఒడ్డున, తుమ్మచెట్ల కింద. అనసూర్య అటు నడిచిపోయింది. లోపల ఉయ్యాలలో పిల్ల ఆకలికి లేచి ఏడుస్తోంది. ఆ ఏడుపు గేటు దాకా వినిపించిందో లేదో సుల్తాన్ బీకి ఇప్పటికీ తెలియదు. వినిపించి ఉంటే, అది వేరే పిల్ల ఏడుపనుకుని ఆ తల్లి వెళ్ళిపోయి ఉంటుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటేడు శ్రావణంలో గేటు గొలుసు మళ్ళీ చప్పుడైంది. బిడ్డ బొంద మీద పోయడానికి అనసూర్య గిన్నెలో పాలు పట్టుకుని నిలబడింది. ఏటికి పోతూ, దారిలో ఒకసారి పలకరించి పోదామని వచ్చింది. “నా బిడ్డను ఆఖరుకు చూసింది నువ్వే గదక్కా” అన్నది. ఆ తర్వాత ప్రతి శ్రావణంలోనూ వచ్చేది. మంచినీళ్ళు తాగి, సుల్తాన్ బీ పిల్లల మంచిచెడ్డలు అడిగి, ఏటికి పోయేది. ఒక ఏడు వేములవాడ మీదుగా వచ్చి రాజన్న ప్రసాదం చేతిలో పెట్టింది. అప్పటికి లీనా స్వీడన్‌లో బడికి పోతోంది.

“చెప్పాలనిపించలేదా అమ్మా?”

“ఏటేటా అనిపించింది. ఏటేటా నిరుటికన్న కష్టమైంది. మొదటేడు చెప్తే ఒక అబద్ధం. అయిదో ఏడు చెప్తే అయిదేండ్ల ఏడుపు నా మెడకు పడతది.”

తొమ్మిదేళ్ళ తర్వాత శిశుగృహం మూతపడింది. గేటు లేదు, గొలుసు లేదు. కానీ మధ్యాహ్నం జొహర్ నమాజుకు కూర్చుంటే ఆ చప్పుడు వినపడేదట. ఆ ఇంట్లో ఇప్పటికీ పాలు కాయరు. నాకు ఇచ్చింది కూడా పాలు లేని చాయే. అత్తకు పాల వాసన పడదని కోడలు అనుకుంటుంది.

* * *

అనసూర్య ఊరు కనుక్కోవడానికి వారం పట్టింది. మా ఆఫీసు జీపులో ఇద్దరం ఖానాపూర్ దిక్కు బయలుదేరాం. నేను ఒక్కదాన్నే పోయి చెబుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “ఇయ్యాల సుత గేటు కాడ ఇంకొకల్లను నిలబెట్టుమంటవా?” అన్నది.

అనసూర్య వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నలభై ఆరేళ్ళకే తల సగం నెరిసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సుల్తాన్ బీని చూడగానే మొహం వెలిగింది. “అక్కా! ఎన్నేండ్లయె! యాదికున్ననా?” అంటూ లేవబోయింది. సుల్తాన్ బీ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, తాను నిలబడే చెప్పింది. పిల్ల చనిపోలేదని, తాను అబద్ధం చెప్పానని, పిల్ల బతికే ఉందని, తల్లిని వెతుక్కుంటోందని. నాలుగు మాటలు. వాటికి ముందు గానీ వెనక గానీ క్షమాపణ కలపలేదు.

అనసూర్య చేతిలో ఉన్న బీడీని పూర్తిగా చుట్టింది. దారం కట్టింది. చాటలో పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

“మరి గక్కడ ఎవలున్నరు?”

నాకు అర్థం కాలేదు. సుల్తాన్ బీకి అయింది. “ఎవ్వలు లేరు చెల్లె. ఏటి ఒడ్డుకు బొందే లేదు, ఊకెనే చెప్పిన” అన్నది.

“ఉన్నరు. నేను పాలు పోసినప్పుడల్లా ఎవలో తాగిండ్రు. పేరు వెట్టి పిలిస్తే పలికింది. నాకెరుకే.” గొంతు పెంచలేదు. “సచ్చినదాన్ని ఇరవై ఆరేండ్లు సాదుకున్న. గిప్పుడు బతికిందంటున్నరు. గిన్నేండ్లు నేను సాదుకున్నది ఎవలిని మరి?”

ఆమె సుల్తాన్ బీ వైపు తిరిగి, “అక్కా, నువ్వు జర అవుతలికి పో. నీ మొకం చూసుకుంట ఏడ్వ బుద్ధైతలేదు” అన్నది. సుల్తాన్ బీ జీపు దగ్గరికి నడిచింది. లోపల కూర్చోలేదు. ఎండలో దాని పక్కనే నిలబడింది. అనసూర్య ఏడుపు అక్కడి దాకా వినపడుతూనే ఉంది.

డీఎన్‌ఏ పరీక్షలో అనసూర్య, లీనా తల్లీబిడ్డలని తేలింది. సుల్తాన్ బీ పోలీసులకు వాంగ్మూలం ఇచ్చింది. “నన్ను జైల్ల వేస్తరా?” అని అడిగింది. భయంతో అడిగినట్లు లేదు. వాళ్ళు రాసుకున్నారు, చదివి వినిపించారు, వేలిముద్ర వద్దు సంతకం చాలన్నారు. ఆ తర్వాత కేసు ఏమీ కదలలేదు.

* * *

ఆ చలికాలంలోనే హైదరాబాద్‌లో న్యాయవాదులూ, మా శాఖవాళ్ళూ కలిసి ఒక సభ పెట్టారు. విదేశీ దత్తత చట్టంలో ఏమేం మారాలో రాసి ఢిల్లీకి పంపాలని ఉద్దేశం. దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం అప్పటికే కోర్టుల నుంచి కలెక్టర్లకు వచ్చింది. ఇంకా త్వరగా జరగాలన్నది చాలామంది మాట. నిజం చెప్పాలంటే నాదీ అదే మాట. అమ్మానాన్నలు లేని పిల్లలు ఫైళ్ళ కింద పెద్దవాళ్ళయిపోవడం పదేళ్ళుగా చూస్తున్నాను. బిడ్డను వదులుకున్న తల్లి మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువుంది. దాన్ని కూడా కుదించవచ్చని ఒకాయన అన్నాడు.

నేను సుల్తాన్ బీని వెంట తీసుకుపోయాను. మైకు వద్దని, లేచి నిలబడి మాట్లాడింది.

“దినాలు తగ్గిస్తరో పెంచుతరో నాకు తెల్వది. గప్పుడు సుత తల్లికి గడువియ్యాలని కాయిదం మీద ఉండెనట. గా తల్లి పదకొండో దినమే అచ్చింది. గడువు లోపటనే అచ్చింది. గేటు కాడ కాయిదం లేదు, నేనున్న. నేను సచ్చిపోయిందన్న. ఆమె పోయింది. కాయిదాలన్ని మంచిగనే ఉన్నయి, కోర్టు సుత ఒప్పుకున్నది. మీరు ఎన్నన్న రాయుండ్రి సార్. గని మల్లొచ్చిన తల్లికి తలుపు తీసేటోళ్ళు, పిల్లను పంపేటోళ్ళు ఒక్కలే కావద్దు. వేలిముద్ర ఏయించేటప్పుడు ఆమె మాటల్ల ఆమెకు చదివి చెప్పాలె. చెప్పేటోళ్ళు మా అసొంటోళ్ళు కావద్దు. గంతే.”

గడువు కుదించమన్న ఆయన తల వంచుకుని కాగితం మీద ఏదో కొట్టేశాడు. సభ రాసిన సిఫారసుల్లో ఆమె మాటలు కూడా చేరాయి. ఢిల్లీ నుంచి ఇంతవరకు జవాబు లేదు.

* * *

లీనా మాఘమాసంలో వచ్చింది. తల్లీకూతుళ్ళు మూడు రోజులు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ఇద్దరికీ కలిసిన భాష లేదు. అనసూర్య మాటిమాటికీ కూతురి చెవి తాకి చూసేది. మూడో రోజు కరీంనగర్ పోదామన్నది.

మానేరు ఒడ్డున ఇప్పుడు తుమ్మచెట్లు లేవు. అక్కడంతా తవ్వి, రాళ్ళు పరిచి కట్టలు కడుతున్నారు. అనసూర్య అయినా గుర్తుపట్టి ఒకచోట ఆగింది. పాలగిన్నె లీనా చేతికిచ్చింది.

“పొయ్యి బిడ్డా. నీ అక్కకు” అన్నది.

ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నేను తడబడ్డాను. చివరికి ఉన్నదున్నట్లే చెప్పాను. లీనా ఆ రాళ్ళ వైపు చూసింది. తనను పాతిపెట్టారని ఒక తల్లి ఇన్నేళ్ళు నమ్మిన చోటది. మెల్లగా వంగి పాలు పోసింది. అనసూర్య పెదవులు కదిలాయి. ఏ పేరు పిలిచిందో మాకు వినిపించలేదు.

సాయంత్రం లీనా సుల్తాన్ బీ ఇంటికి పోదామంది. అనసూర్య రాలేదు. లోపలికి వెళ్ళాక సుల్తాన్ బీ గోడకు ఆనుకుని నిలబడింది, తిట్లు పడటానికి సిద్ధమైనట్లు. లీనా ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి కింద కూర్చుంది.

“నాకు ఆమె మీద ఎంత కోపం ఉందో నాకే ఇంకా తెలియదు” అని చెప్పమంది నన్ను. “కానీ ఇక్కడ నేనున్న ఏడు నెలలు ఈమె దగ్గర తప్ప ఎక్కడా లేవు. వాటిని ఇవ్వమని అడుగు.”

సుల్తాన్ బీ కూర్చుంది. లీనా బోర్లా పడింది ఏ రోజో, మొదటి పన్ను ఏ వైపు వచ్చిందో, కుక్కర్ కూతకు ఎలా ఉలిక్కిపడేదో చెప్పింది. పక్క ఉయ్యాలలో పిల్ల ఏడిస్తే తానూ ఏడ్చేదని చెప్పింది. గంటన్నర చెప్పింది. లేచేటప్పుడు లీనా ఆమె చేతులు పట్టుకోలేదు, తోసెయ్యలేదు. రికార్డింగ్ ఆపి, సరిగ్గా ఎక్కిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

లీనా వెళ్ళిపోయిన పదో రోజున సుల్తాన్ బీ మా ఆఫీసుకు వచ్చింది. ఎవరూ పిలవలేదు. నా బల్ల ముందు కూర్చుని కొంగు సర్దుకుంది.

“రాసుకో బిడ్డా. ఇంకొక పిల్ల. ఎడమకాలు జర వంకర.”

“ఎంతమంది ఉన్నారమ్మా?”

“సాక్షి సంతకాలు శానా పెట్టిన. తల్లులు మల్లొచ్చింది మాత్రం ఇంకా ముగ్గురు.”

నేను కొత్త కాగితం తీశాను. ఆమె కళ్ళు మూసుకుని, గేటు అవతల నిలబడ్డ మొదటి తల్లి చీర రంగు నుంచి మొదలుపెట్టింది.